కొల్లేటి పక్షుల నివాసము: దాని హద్దు ఎట్లేర్పడును? రైతునకు దానితో నేమి పని?

"కొంగలకొరకు మా భూములేల విడువవలెను?" అను ప్రశ్న కొల్లేటి లంకలలోను, చుట్టుపట్ల పల్లపు గ్రామములలోను పాతికయేండ్లుగా వినబడుచున్నది. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. భూమినే నమ్ముకొన్నవాని నోట వచ్చిన ప్రశ్న. అయితే ఈ విషయమునుగూర్చి గ్రామములలో జరుగు చర్చలలో ఒక లోపము కనబడుచున్నది. ఐదవ కాంటూరు ఉండవలెనని కొందరును, మూడవ కాంటూరు చాలునని కొందరును వాదింతురు. కాని కాంటూరనగా నేమో, పక్షుల నివాసమునకు హద్దు గీయుటకు దాని నేల యెన్నుకొనిరో, ఆ గీతకు లోపలనున్న రైతునకు చట్టము ఏయే హక్కుల నిచ్చుచున్నదో తెలిసినవారు కొద్దిమందియే. ఇది హద్దురాళ్లు చూడకయే పొలము తగవు పెట్టుకొనుట వంటిది. కావున మన సంఘ సభ్యుల యుపయోగార్థము ఈ సంగతులను ఒక క్రమమున వివరింప దలచితిమి.

నివాసమనగా నేమి?

రైతు బ్రతుకు అతని యింటిలో మాత్రమే లేదు. ఇల్లు, పొలము, కళ్లము, పశువుల బీడు, ఊరి చెరువు, వీనిని కలుపు బాట, ఇవన్నియు కలిసి అతని బ్రతుకుతెరువు. ఇల్లొక్కటి నిలిపి తక్కినవి తీసివేసినచో ఆ యిల్లు పాడుపడుటకు ఎంతో కాలము పట్టదు. పక్షి సంగతియు నిట్టిదే.

మనకందరకు తెలిసిన గిజిగానిని చూడుడు. అది తాటిమట్టకో, నీటిమీదికి వంగిన తుమ్మకొమ్మకో గూడు కట్టును. గూటికి కావలసిన నారను వరియాకునుండియు, ఎత్తుగా పెరిగిన గడ్డినుండియు చీల్చి తెచ్చుకొనును. తాను గింజలు తినునుగాని పిల్లలకు పురుగులను మేపును. కావున గిజిగాని నివాసమనగా గూడు వ్రేలాడు చెట్టు మాత్రమే కాదు. ఆ చెట్టు, క్రిందనున్న నీరు, ప్రక్కనున్న గడ్డి, పురుగులు దొరకు పొలము, ఇవన్నియు నివాసమే. వీనిలో ఏ యొక్కటి లోపించినను, చెట్టు నిలిచియుండగానే పిట్ట పోవును.

గూడబాతు ఇంతకంటె పెద్ద యుదాహరణము. ముక్కుక్రింద సంచివంటి తోలు గల ఈ పెద్దపక్షి చెట్లమీద గుంపులుగా గూళ్లు కట్టును. చేపలకొరకు మాత్రము దూరముననున్న నీటికి పోవును. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద కొలువును చూచి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దానిని వర్ణించెను. ఆ పక్షుల గూళ్లు ఊరి చెట్లమీద. వాని యాహారము కొల్లేటి ప్రాంతపు నీళ్లలో. తరువాతి దశాబ్దములలో ఆ కొలువు ఖాళీ యయ్యెను. గూడొకచోటను మేత వేరొకచోటను ఉన్న ఇట్టి పక్షికి హద్దు ఎక్కడ గీయవలెను? మన ప్రశ్నలోని చిక్కంతయు నిందులోనే యున్నది.

పరదేశమున ఒక పాటపిట్ట

ఇట్టి చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా నదుల యొడ్డున, నీటివిల్లో పొదలలో, లీస్ట్ బెల్స్ విరియో అను చిన్న పాటపిట్ట కలదు. పిడికిట పట్టునంతటి బూడిదవన్నె పిట్ట. నేలకు కొద్ది అడుగుల ఎత్తున, చిక్కని పొదలో గూడు కట్టును. నదీతీరములను సాగుకును పట్టణములకును తీసికొనుట వలన పొదలు తరిగెను. దీనికితోడు, మన కోకిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టునట్లు, కౌబర్డు అను వేరొక పక్షి దీని గూటిలో గ్రుడ్లు పెట్టి దీని పిల్లలకు చేటు తెచ్చుచుండెను. 1986లో ఆ ప్రభుత్వము దీనిని అంతరించు ప్రమాదములోనున్న జాతిగా ప్రకటించునాటికి అచ్చట సుమారు 300 జంటలు మాత్రమే మిగిలియుండెను.

1994లో దీనికి కీలక నివాసముగా ఆరు కౌంటీలలో, పది చోట్ల, సుమారు 38 వేల ఎకరములను నిర్ణయించిరి. ఈ నిర్ణయమున రెండు సంగతులు మనకు గమనింపదగినవి. మొదటిది: హద్దును పిట్ట కూర్చున్న కొమ్మనుబట్టి గాక, పిట్టకు కావలసిన వానినిబట్టి గీసిరి. నీటి యొడ్డు, పొదల చిక్కదనము, మేత దొరకు ప్రక్కనేల, ఇవి యెక్కడెక్కడ కలవో చూచి, అచ్చటికి గీతను తీసికొనిపోయిరి. రెండవది: ఆ గీతలోపల పడినంతమాత్రమున ఎవరి భూమియు ప్రభుత్వపరము కాలేదు. కేంద్రప్రభుత్వపు అనుమతితోగాని, ధనముతోగాని జరుగు పనులు ఆ నివాసమును చెరుపకుండ ముందుగా విచారింపవలెననియే ఆ చట్టపు నియమము. తీరమును కాపాడుటయు, కౌబర్డులను పట్టివేయుటయు కలిసి జరుగగా, 2005 నాటికి ఆ పిట్టల సంఖ్య దాదాపు పదిరెట్లాయెను.

మన దేశపు చట్టము వేరు, పద్ధతి వేరు. కాని అచ్చటి మొదటి పాఠము ఇచ్చటికి సరిగా సరిపోవును: హద్దు పక్షికి కావలసినదానిని బట్టి యుండవలెను. కొల్లేటి పక్షులకు కావలసినది నీరు. కావున ఇచ్చట హద్దు నీటి హద్దు.

కొల్లేటికి ఎత్తుగీత యేల?

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు దీనిలోనికి వచ్చును. ఇవిగాక రెండు డెల్టాల పొలములనుండి అరువదికి పైబడిన చిన్న పెద్ద కాలువలు దీనిలో కలియును. వచ్చినదంతయు ఉప్పుటేరు అను ఒక్క మార్గమున సుమారు 60 కిలోమీటర్లు మెల్లగా సాగి సముద్రమున చేరవలెను. వాలు మిక్కిలి తక్కువ. సముద్రపు పోటు వచ్చినపుడు నీరు వెనుకకు తన్నును. వచ్చు నీరు హెచ్చు, పోవు దారి సన్నము. కావున వరదకాలమున కొల్లేరు ఉబ్బుచు, వేసవిలో తగ్గుచుండును.

ఇట్లు ఉబ్బుచు తగ్గుచునుండు సరస్సునకు ఒడ్డు ఏది? జూన్ నెలలో చూచినవానికి ఒకచోట, అక్టోబరులో చూచినవానికి వేరొకచోట కనబడును. ఊరిపేరు, సర్వేనంబరు, చెట్టు, గట్టు, ఇవి యేవియు స్థిరమైన గురుతులు కావు. స్థిరముగా నుండునది ఎత్తు ఒక్కటే. సముద్రమట్టమునకు ఇన్ని అడుగుల ఎత్తుననున్న స్థలములన్నిటిని కలుపుచు గీసిన గీతయే కాంటూరు. మనము వరిమడిని చదునుచేయునపుడు నీరు పెట్టి, నీటి అంచు ఎచ్చట నిలిచినదో చూచి మెరకపల్లములు తెలిసికొనుట లేదా? ఆ నీటి యంచు వంటిదే కాంటూరు. ఐదవ కాంటూరనగా నీటిమట్టము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తునకు చేరినపుడు నీటి యంచు నిలుచు చోటు.

1999లో రాష్ట్రప్రభుత్వము ఈ ఐదవ కాంటూరువరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో, పదవ కాంటూరువరకు గల 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా చేరినది. ఈ రెండు హద్దులను కలగాపులగము చేయరాదు. అభయారణ్యపు కఠిన నియమములు ఐదవ కాంటూరులోపలనే.

రెండడుగుల లెక్క

ఐదవ కాంటూరును మూడవదానికి దించవలెనను కోరిక వినుటకు చిన్నదిగా దోచును. రెండడుగులేగదా! కాని డెల్టానేల పళ్లెమువలె నున్నది. పళ్లెములో ఒక వ్రేలెత్తు నీరు పెంచిన అంచు ఎంత దూరము జరుగునో అందరికిని తెలిసినదే.

మూడవ కాంటూరువరకు కొల్లేరు సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదవదానివరకు సుమారు 308. అనగా రెండడుగుల ఎత్తుననే 173 చదరపు కిలోమీటర్లు, సుమారు 42 వేల ఎకరములకు పైగా, ఈ రెండు గీతల నడుమ నున్నవి. గీతను దించిన అభయారణ్యములో సగమునకంటె ఎక్కువ వెలుపల పడును.

ఇప్పుడు నీటి లెక్క చూతము. ఈ రెండు గీతల నడుమ నిలుచు నీరు ఎంత? రెండు వైశాల్యముల సగటు సుమారు 221 చదరపు కిలోమీటర్లు. దానిని రెండడుగుల ఎత్తుతో గుణించిన సుమారు 4.7 టి.ఎం.సి. వచ్చును, ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇది మోటులెక్కయే. అయినను దాని పెద్దతనము తెలియుటకు ప్రకాశం బ్యారేజి నిలువతో పోల్చుడు. ఆ బ్యారేజి నిండుగా నున్నపుడు దాని యెగువను నిలుచు నీరు 3.07 టి.ఎం.సి. మాత్రమే. అనగా రెండడుగుల ఈ పలుచని పొర ప్రకాశం బ్యారేజి నిలువకు ఒకటిన్నర రెట్లు. వేరొక విధముగా చెప్పిన, 54 వేల క్యూసెక్కుల వరద ఒక దినమంతయు వచ్చినను ఈ పొర దానిని తనలో నింపుకొనగలదు.

ఈ స్థలమును గట్లుకట్టి చేపల చెరువులుగా మార్చినపుడు ఏమగును? చెరువు నీటితోనే యుండునుగదా, నష్టమేమి యని కొందరందురు. నిండిన కుండలో వేరొక కుండెడు నీరు పట్టదు. గట్టు వరదను లోనికి రానీయదు. వెలుపలి నీరు సన్నని సందులగుండ పోవలసివచ్చి నిదానించును. అది నిదానించినకొలది కొల్లేటిలో కలియవలసిన మురుగు కాలువలు వెనుకకు తన్నును. ఆ నీరు నిలుచునది కొంగల గూళ్లలో కాదు. ఎగువనున్న రైతుల వరిచేలలో. ఊడ్చిన పైరు కొన్నిదినములు తలమునిగియున్న ఏమగునో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చెను. అదే సమయమున బుడమేటి మళ్లింపు కాలువ గట్లు తెగి విజయవాడలోని అనేక పేటలు మునిగెను. విజయవాడ ముంపునకు కొల్లేటి గట్లే కారణమని మేము చెప్పుట లేదు. దానికి వేరు కారణములు కలవు. కాని బుడమేటి నీరు చివరకు చేరవలసినది కొల్లేటికే. ఆ వరదలో కొల్లేటి లంకల బాటలుకూడ మునిగెను. నీరు నిలుచుటకు చోటెంత మిగిల్చితిమను ప్రశ్న పక్షిప్రేమికులది మాత్రమే కాదని ఆ వారము తెలిపెను.

గీత నడచిన దారి

ఇంతవరకు నీటి సంగతి. ఇక మనుష్యుల సంగతి. కొల్లేటిలో చెరువులు త్రవ్వినవారందరు పెద్ద పెట్టుబడిదారులనుట సరికాదు. 1970లలో ప్రభుత్వమే లంకలలోని బీదలకు, ముఖ్యముగా చేపలవేటతో జీవించు వడ్డివారికిని, హరిజనులనబడిన షెడ్యూల్డు కులములవారికిని సహకార సంఘములను ఏర్పరచి, భూమినిచ్చి చేపల పెంపకమునకు ప్రోత్సహించెను. ఆ సంఘములు మనవంటి సంఘములే. తరువాత చేపల పెంపకము లాభసాటి కాగా, వెలుపలి పెట్టుబడి లోనికి వచ్చి, అనేక సంఘముల చెరువులు కౌలుపేరుతో ఇతరుల చేతులలోనికి పోయెను. 1990లలో చెరువులు మిక్కిలి విస్తరించెను.

1999లో అభయారణ్యము ప్రకటింపబడినను చెరువులు నిలిచియేయుండెను. 2006లో, సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తర్వులతో, 'ఆపరేషన్ కొల్లేరు' అను పేర అభయారణ్యములోని వేలాది ఎకరముల చెరువుల గట్లు తొలగింపబడెను. సరస్సుకు కొంత యూపిరి వచ్చెను. కాని సంఘసభ్యులైన బీదలు జీవనము కోల్పోయిరి. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడవ కాంటూరుకు దింపవలెనని తీర్మానించెను. అటుపిమ్మట కేంద్రము నియమించిన, డాక్టరు పి. ఎ. అజీజ్ అధ్యక్షతగల సంఘము ఐదవ కాంటూరే నిలువవలెనని అభిప్రాయపడెను. ఇంతలో తొలగించిన గట్లలో కొన్ని మరల లేచెను.

చట్టము రైతున కిచ్చు మూడు దారులు

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. ఒక ప్రాంతమును అభయారణ్యము చేయుటకు ప్రభుత్వము మొదట తన యుద్దేశమును ప్రకటింపవలెను. పిమ్మట కలెక్టరు అచ్చట ఎవరెవరికి ఏయే హక్కులు కలవో విచారింపవలెను. హక్కు రుజువైనపుడు 24వ విభాగము మూడు దారులను చూపుచున్నది. ఒకటి: ఆ భూమిని హద్దునుండి తప్పించుట. రెండు: పరిహారమిచ్చి దానిని సేకరించుట. మూడు: అభయారణ్యములోనే ఆ హక్కును సాగనిచ్చుట. నాలుగవ దారి చట్టములో లేదు. అనగా హక్కునూ ఒప్పక, పరిహారమునూ ఈయక, రైతును త్రిశంకువువలె నిలుపుట చట్టపు ఉద్దేశము కాదు.

ఐదవ కాంటూరులోపల సుమారు 15 వేల ఎకరముల జిరాయితీ భూములు కలవు. తమకు పరిహారము ముట్టలేదని ఈ భూముల హక్కుదారులలో పలువురు చెప్పుచున్నారు. వీరి ఫిర్యాదు గీతమీద కాదు. గీతలోపల తమ లెక్క తేల్చకపోవుటమీద. ఈ భేదమును గుర్తించుట ముఖ్యము.

ఇంకొక సంగతి. అభయారణ్యపు హద్దును మార్చుటకు పూర్వము రాష్ట్ర శాసనసభ తీర్మానము చాలియుండెను. 2002 సవరణ తరువాత జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేక రాష్ట్రప్రభుత్వము హద్దు మార్చజాలదు. 2008 తీర్మానము తీర్మానముగానే మిగులుటకు ఇది ముఖ్యకారణము. కావున ఎన్నికలవేళ ఎవరైన "మేము వచ్చిన గీతను దింపుదుము" అనినపుడు, అది ఒక్కరి చేతిలోని పని కాదని సభ్యులు గుర్తుంచుకొందురుగాక.

గీత వెలుపలి పక్షులు

గీత ఎంత సరిగా నున్నను, దానివలననే అన్నియు జరుగవు. ఆరేడు గూడబాతులను మరల తలచుకొనుడు. మేత కొల్లేటిలో, గూడు ఊరి చెట్టుమీద. నేడు కైకలూరు సమీపమున ఆటపాకవద్ద గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. అచ్చట తగిన చెట్లు చాలక అటవీశాఖవారు ఇనుప మంచెలను నిలుపగా, పక్షులు వానిమీదనే పిల్లలను పెంచుచున్నవి. గుంటూరు సమీపమున ఉప్పలపాడు గ్రామపు చెరువులో గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును వందలుగా వచ్చి గూళ్లు కట్టును. ఆ చిన్న చెరువును ఇన్నాళ్లు కాపాడినది ముఖ్యముగా ఆ యూరివారి ఓర్పు.

చెంగల్పట్టు ప్రాంతమున వేడంతాంగల్ అను గ్రామము కలదు. అచ్చటి రైతులు పద్దెనిమిదవ శతాబ్దము చివరనే కలెక్టరువద్ద తమ చెరువు పక్షులను కాల్చరాదని ఉత్తర్వు పొందిరి. వారు పక్షులను ప్రేమించుటయే కాదు, లెక్కయు నెరిగినవారు. వేలాది పక్షుల రెట్ట చెరువునీటిలో కలిసి, ఆ నీరు తమ పొలములకు ఎరువై పారుచుండుట వారు చూచిరి. పక్షినివాసమునకు రైతు తానై హద్దు కోరిన సందర్భమిది.

మన రాష్ట్రమునందే వేరొక పాఠము కలదు. కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక అంతరించినదని యెంచబడెను. 1986 జనవరిలో కడప జిల్లాలో మరల దొరికినది. అది నివసించునది మహారణ్యములో కాదు. పశువులు మేయు, కట్టెలు కొట్టుకొను పలుచని ముండ్లపొదలలో. ఎవరి కంటికిని అడవివలె కనబడని ఆ నేలకు 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యమను హద్దు ఏర్పడెను. అయినను 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువపని ఆ పొదలకు ముప్పు తేగా, కాలువ మార్గమునే మార్చవలసివచ్చెను. కాలువయు ఆగలేదు. పక్షికి కావలసినదేమో ముందుగా తెలిసియుండిన, గీతను మొదటనే సరిగా గీయుట సులభమై, ఖర్చు తగ్గియుండెడిది.

సభ్యులు చేయదగిన పనులు

పై సంగతులనుబట్టి మాకు తోచినది యిది. గీతయెత్తునుగూర్చి వాదించుటకంటె, గీతలోపలి హక్కులను తేల్చుమని యడుగుట రైతునకు మేలు. నీటి హద్దు నీరే నిర్ణయించును. దానిని కాగితముమీద దింపినంతమాత్రమున వరద దిగదు. మనిషి హక్కును నిర్ణయించునది చట్టము. అది కాగితముమీదనే తేలవలెను. ఈ రెంటిని కలిపివేయుట వలన ఇంతకాలము రెండునూ తేలలేదు.

ఇందుకు సంఘములు చేయదగినవి కొన్ని కలవు.

1. ఐదవ కాంటూరు తమ గ్రామమున ఏ సర్వేనంబర్లగుండ పోవుచున్నదో తెలుపు పటమును సంఘ కార్యాలయమున తగిలించుటకు అడుగవలెను. హద్దురాళ్లు నేలమీద కనబడవలెను. కనబడని హద్దు తగవులకు మూలము.

2. జిరాయితీ హక్కుగల సభ్యులు ఒక్కొక్కరుగా గాక, పట్టాలు, శిస్తు రసీదులు, అడంగలు నకళ్లు సేకరించి, సంఘము ద్వారా ఒకే జాబితాగా అర్జీ పెట్టుకొనవలెను. 24వ విభాగములోని మూడు దారులలో తమ కేది కావలెనో స్పష్టముగా వ్రాయవలెను.

3. చెరువు భూమిని సంఘముపేర నుంచి, వాస్తవముగా వెలుపలివారికి అప్పగించు కౌళ్లను మానవలెను. గట్టు తొలగిననాడు నష్టము సంఘసభ్యునిది; లాభము తీసికొన్నవాడు కనబడడు.

4. కొల్లేటిలో కలియు మురుగు కాలువలలో గుర్రపుడెక్కను, పూడికను తీయించుటకు ఎగువ గ్రామముల సంఘములును, దిగువ లంకల సంఘములును కలిసి కోరవలెను. ఈ పనిలో పక్షికిని రైతునకును విరోధము లేదు.

5. గూళ్లున్న ఊరి చెట్లను, చెరువుగట్ల చెట్లను గూళ్ల కాలమున నరుకకుండ పంచాయితీ తీర్మానము చేయవచ్చును. దీనికి ఏ కాంటూరుతోను పనిలేదు.

6. చేలలో నత్తలను ఏరి తిను కొంగలను, పురుగులను పట్టు చిన్న పిట్టలను విషపు గింజలతోగాని వలలతోగాని చంపరాదు. అది చట్టరీత్యా నేరము, సేద్యమునకును నష్టము.

ఈ వ్యాసము మొదట నున్న ప్రశ్నకు మరల వత్తము. కొంగలకొరకు భూములేల విడువవలెను? కొంగలకొరకు మాత్రమే అయినచో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టమే. కాని కొంగ నిలుచు చోటే వరద నిలుచు చోటు. కొంగకు చోటు లేనినాడు ఆ నీరు ఎవరి పొలము వెదకికొనునో ఎగువ రైతు ఎరుగును. ఇక ఆ చోటికొరకు నిజముగా భూమి విడుచు లంక రైతునకు తగిన పరిహారము ముట్టవలెను. ఆ భారము అతడొక్కడే మోయుట ధర్మము కాదు. ఆ చోటువలన ముంపు తప్పించుకొను డెల్టా అంతయు అతని పక్షమున మాటాడవలెను. ఎగువ సంఘములును దిగువ సంఘములును ఈ యొక్క విషయమున ఏకమై అర్జీ పెట్టుకొందురేని, ఇంతకాలము తేలని లెక్క తేలుటకు అదియే మొదటి మెట్టు కాగలదని మా నమ్మకము.